తొమ్మిది చుక్కల పేజీ

ఆ రిజిస్టరులో ముగ్గులు వేయించింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఈ ఒక్క వాక్యం రాశాక రెండు రోజులు మళ్లీ పెన్ను పట్టలేదు.

అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కి వెళ్లే రోడ్డు మీద, మూతపడిన ఒక జిరాక్సు షాపు పైన మాకొక గది ఉంది. ఆ మేడ రిటైరైన ఒక నర్సుగారిది. ఆడవాళ్లకు ఫోను వాడటం నేర్పాలని ఆవిడే ఆ గదిని ఖాళీ చేయించి మొదలుపెట్టింది. అందరం ఆవిడను మేడమ్ అంటాం. డిగ్రీ అయిపోయి, ఉద్యోగ పరీక్షలు రాసుకుంటూ ఇళ్లలో కూర్చున్న నాలాంటి వాళ్లం ముగ్గురం మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు వెళ్లి నేర్పుతాం. జీతమేమీ లేదు. వేడి టీ, అప్పుడప్పుడు మేడమ్ చేతి మినపసున్ని ఉంటాయి.

నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నా వల్ల కాదు. అది చూసి మేడమ్ నాకు రిజిస్టరు అప్పజెప్పింది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఈ వారం ఏం నేర్చుకున్నారు, వచ్చే వారం ఏం నేర్పాలి, అన్నీ అందులో రాయాలి. ఎవరైనా ఒక్కరి పక్కన కూర్చుని నేర్పమంటే మాత్రం నేర్పగలను. మిగతా సమయంలో రిజిస్టరు కింద లైబ్రరీ పుస్తకం పెట్టుకుని చదువుకునేదాన్ని. మేడమ్‌కి తెలుసు. ఏమీ అనేది కాదు.

మొదట్లో ఫోన్లకు నాలుగంకెల లాక్ పెట్టించేవాళ్లం. వారం తిరిగేసరికి ఆ నాలుగంకెలు ఎవరికీ గుర్తుండేవి కావు. ఒకావిడ తప్పులు నొక్కీ నొక్కీ ఫోను మొత్తానికే బిగుసుకుపోతే తెచ్చి నా ముందు పడేసి, "నా ఫోనే నన్ను నువ్వెవులివి అంటంది, సూడు పాపా!" అంది. గదంతా నవ్వింది. ఆ రోజు నాకు ఆలోచన వచ్చింది. అంకెలు తీసేసి, తొమ్మిది చుక్కల లాక్ పెట్టి చూపించాను. మూడు వరసలు, వరసకి మూడు చుక్కలు, వేలెత్తకుండా కలపాలి.

"ఓలమ్మో, ఇది ముగ్గే కాదేటి!" అంది అదే ఆవిడ.

ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకరిది పీట, ఒకరిది మెట్లు, ఒకరిది చెరుకుగెడకి ఆకొచ్చినట్టు. ఎవరి ముగ్గు వాళ్లు తలోవైపు తిరిగి, కొంగు చాటున వేసుకునేవాళ్లు. అయినా మర్చిపోతారేమోనని నేను ప్రతివాళ్ల పేజీలో పైన కుడివైపు తొమ్మిది చుక్కలు పెట్టి, వాళ్ల చేతే పెన్సిల్‌తో గీయించాను. ఒకసారి మేడమ్ పేజీలు తిరగేస్తూ ఆగింది.

"ఇవెందుకే ఇక్కడ? ఇంటి తాళాలు గుమ్మానికి తగిలించినట్టుంది."

"అలవాటయ్యే దాకా మేడమ్. తర్వాత చెరిపేస్తాను."

చెరపలేదు. అందరికీ అలవాటయ్యాక కూడా చెరపలేదు. ఆ పేజీలు అందంగా ఉండేవి. రాత రాని చేతులు గీసిన గీతలు, ఒక్కోటీ ఒక్కో తీరు. రిజిస్టరు తెరిచినప్పుడల్లా ఇది నా ఆలోచనే కదా అనిపించేది. రబ్బరు నా పెన్నుల డబ్బాలోనే ఉండేది.

పిన్ని మా దగ్గరికి మంగళవారాలు వచ్చేది. పిన్ని అని నేను పిలిచేదాన్ని, అంతే. మాకేమీ చుట్టరికం లేదు. యాభై దాటి ఉంటాయి. బుచ్చయ్యపేట దాటాక ఒక పల్లె. కాలికి పుండు పడితే వారం వారం ఆసుపత్రికి కట్టు కట్టించుకోడానికి వచ్చేది, తిరుగు బస్సుకి టైముందని మా మెట్లెక్కింది. రెండు నెలలు గడిచాయి. ఒక మంగళవారం మేడమ్ ఆమె కాలు స్టూలు మీద పెట్టించి కట్టు విప్పింది. లోపల పుండు లేదు. కొత్త చర్మం నున్నగా మెరుస్తోంది.

"ఇది మానిపోయి నెలయింది గదమ్మా! ఇంకా కట్టెందుకు?"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కట్టు నేకపోతే నన్ను బస్సెక్కనివ్వరు మేడమ్మా."

ఆ రోజు కొంచెం, తర్వాత కొంచెం చెప్పింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మరిది ఇంట్లో ఉంటుంది. కొట్టరు, తిడతారని కూడా చెప్పలేం. ఇంటికి ఎవరొచ్చినా ఆమె ఎదుటే "మా వదినకి మతి నిలకడగా ఉండదు" అంటారు. ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడబోతే ఎవరో ఒకరు వచ్చి పక్కన నిలబడతారు. తుని అవతల ఉన్న చెల్లెలు ఫోన్ చేస్తే వీధి గదిలో అందరూ వినేలా పెట్టి మాట్లాడాలి. మరిది కొడుకు పాత ఫోన్ ఆమె దగ్గర ఉంది గాని, వస్తే ఎత్తడం తప్ప ఇంకేమీ రాదని వాళ్ల ధీమా.

"నాకు మెసేజి మాటలు పంపడం నేర్పు పాపా," అంది. "నాను మాటాడితే మా సెల్లి ఒక్కత్తే ఇనాల."

నేర్పాను. మైకు బొమ్మ మీద వేలు పెట్టి పట్టుకోవడం, మాట అయ్యాక వదలడం. మొదటిసారి ఆమె వేలు పెట్టి ఒక్క మాట కూడా అనకుండా అలాగే కూర్చుంది. "ఏటి మాటాడాలో తెల్డం నేదు. ఎవులూ పక్కన నేకుండా మాటాడి ఎన్నాళ్లయిందో," అంది. ఆ మాట కూడా అందులో రికార్డయి చెల్లెలికి వెళ్లిపోయింది. ఆ చెల్లెలు ఏడుస్తూ తిరిగి పంపిన మాటను పిన్ని మా గది మూలలో, ఫోన్ చెవికి ఆనించుకుని, నాలుగుసార్లు విన్నది.

కొన్ని వారాలకు వాళ్లిద్దరూ ఒక మాటకొచ్చారు. పిన్ని వెళ్లి చెల్లెలి దగ్గర ఉంటుంది. చెప్పి వెళితే పంపరు. కట్టు కట్టుకుని ఒక మంగళవారం బస్సెక్కి, తిరిగి వెళ్లదు. ఎప్పుడు అంటే, ఆవు ఈనాక. ఆ ఆవును పెయ్యప్పటినుంచి ఆమే పెంచింది. "ఈనేటప్పుడు నా సెయ్యి ఉండాల. పెయ్యో కోడెదూడో సూసుకుని ఎలిపోతాను," అనేది. ఇదంతా ఆ ఫోన్‌లో మాటలుగా ఉంది. దాని మీద ఆమె ముగ్గు ఉంది. ఆ ముగ్గు నా రిజిస్టరులో ఉంది.

మేడమ్ మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఒకటే చెప్పింది. "ఈ గదిలో విన్నది మెట్లు దిగకూడదు." నేనైతే ఎవరితోనూ మాట్లాడనే మాట్లాడను కదా, ఆ మాట నాక్కాదు అనుకున్నాను.

ఒక శుక్రవారం వాన. మిగతా ఇద్దరూ రాలేదు. మేడమ్ పెళ్లికని రావికమతం వెళ్లింది. నేర్చుకునేవాళ్లు కూడా ఎవరూ రాలేదు. నేను కిటికీ దగ్గర కూర్చుని నవల చదువుతున్నాను. ఇంకా ఇరవై పేజీలున్నాయి. మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

ముప్పై దాటిన మనిషి. తడిసిన చెప్పులు గుమ్మం బయటే విప్పి, తల తుడుచుకుని, "నమస్తే మేడం. లోపలికి రావొచ్చా?" అన్నాడు.

నన్ను మేడం అన్నవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

"మా పెద్దమ్మండి. మంగళవారాలు వత్తాది గదా, కాలికి కట్టుతోటి. సంచిలో మీ చీటీ ఉంటే చూసుకుని వచ్చేను." వచ్చే క్లాసు ఎప్పుడో రాసి మేమిచ్చే చీటీ అది. నా చేతి రాతే. "జొరమొచ్చి పడుకుందండి. చెల్లెలికి ఫోన్ చెయ్యమంటంది. తీరా చూత్తే ఈ లాకు. తనకేమో గుర్తు రావట్లేదు. మీరే నేర్పేరంట గదా, కాస్త చూడండి మేడం."

ఫోన్ బల్ల మీద పెట్టాడు. పిన్ని ఫోనే. వెనక అంటించిన పసుపు బొట్టు కూడా అలాగే ఉంది.

తెలియదు అంటే సరిపోయేది. ఆమెనే తీసుకురండి అనొచ్చు. పెళ్లిలో ఉన్న మేడమ్‌కి ఫోన్ చేసి అడగొచ్చు. ఆ క్షణంలో ఇవేవీ తోచలేదని చెబితే అబద్ధం. "ఆమె రాకుండా ఎలా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. కాదని చెప్పాలంటే అతని ముఖం చూసి చెప్పాలి. అతను ఎందుకంటాడు, నేను మళ్లీ ఏదో చెప్పాలి. అంత మర్యాదగా నిలబడ్డ మనిషికి. రిజిస్టరు తీసి, ఆమె పేజీ తెరిచి, అతని వైపు తిప్పి, ముగ్గు మీద వేలు పెట్టాను.

అతను చూసుకుంటూ గీశాడు. మధ్య చుక్క దగ్గర ఒకసారి తప్పాడు. నేను పెన్సిల్ మొనతో సరైన దారి చూపించాను. ఆ పెన్సిల్ సంగతి మేడమ్‌కి కూడా చాలా రోజుల దాకా చెప్పలేదు.

ఫోన్ తెరుచుకుంది. "థాంక్స్ మేడం. మీరు చేత్తన్నది మంచి పని. ఈ రోజుల్లో ఎవులు చేత్తారు," అన్నాడు. మెట్లు దిగిపోయాడు. నేను నవల అందుకున్నాను. ఇరవై పేజీలూ చదివేశాను. మర్నాడు పొద్దున్న డైరీలో రాసిన వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది: "నిన్న మేడమ్ లేకపోయినా ఒక్కదాన్నే చూసుకున్నాను. ఒకరికి సాయపడ్డాను."

తర్వాత మంగళవారం పిన్ని రాలేదు. జ్వరం అన్నారు కదా అనుకున్నాను. శుక్రవారం మా గదిలోని సెంటర్ ఫోన్ మోగింది. పిన్ని చెల్లెలు.

"అమ్మా, మా అప్ప మొన్న మంగళారం వచ్చిందేటి?"

"రాలేదండి. జ్వరమంట."

"జొరమా? ఎవులు సెప్పేరు?" నేను జవాబు చెప్పేలోపే ఆవిడ మాట మీద మాట వచ్చి పడింది. "వారమై మెసేజి నేదు. ఫోన్ సేత్తే ఆళ్ల అబ్బాయెత్తేడు. మీ అక్కసెల్లెళ్ల మాటలన్నీ ఇన్నాం, అది ఎక్కడికీ ఎల్దు, నువ్వు మా గుమ్మం తొక్కకు అన్నాడు. ఎలా ఇన్నాడమ్మా? ముగ్గు తాళం పెట్టుకున్నానంది గదా? ఆ ముగ్గు ఆడికెలా తెల్సు?"

"నాకు తెలీదండి," అన్నాను.

తెలియదు అనే మాట నాకు రాదని కాదన్నమాట.

ఆ తర్వాత నాలుగు రోజులు ఎలా గడిచాయో డైరీలో లేదు. పేజీలు ఖాళీ. పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యం కూడా ముందుకు సాగేది కాదు. అమ్మ "ఏటయిందే, అన్నం అలా కెలుకుతున్నావు" అంటే పరీక్ష అన్నాను. రోజూ పొద్దున్న లేచి ఈరోజు మేడమ్‌కి చెప్పాలి అనుకునేదాన్ని. ఆవిడ ముందు నిలబడ్డ నన్ను, ఆవిడ ముఖం మారడాన్ని ఊహించుకునేదాన్ని. ఆ ఊహలో పిన్ని ఉండేది కాదు. నేనే ఉండేదాన్ని. అది గమనించినప్పుడు సిగ్గేసింది, అయినా చెప్పలేదు.

మంగళవారం గది సర్దుతుండగా మేడమే అడిగింది. "కట్టు పిన్ని రెండు వారాలై రావట్లేదేటి? పోయినసారి అడిగితే జ్వరమన్నావు. నీకెవరు చెప్పేరు?"

రిజిస్టరు నా చేతిలోనే ఉంది. ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను. చెప్పాను. నేల వైపు చూస్తూ చెప్పాను. మేడమ్ ఆ పేజీ తన వైపు తిప్పుకుంది.

"ఎప్పుడొచ్చేడు?"

"మీరు పెళ్లికి వెళ్లిన శుక్రవారం."

వేళ్ల మీద లెక్కేసింది. "పదకొండు రోజులు." కుర్చీలో కూర్చుంది. "ముగ్గు చూపించేవు, అది తెలివితక్కువతనం. అందులో నా వాటా కూడా ఉంది. ఆ రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వెయ్యమని నేనూ చెప్పలేదు, ముగ్గులు చెరిపేవా అని మళ్లీ అడగనూ లేదు. పదకొండు రోజులు నోరిప్పకపోవడం ఏటే? అదేం జబ్బు? ఆవిడ ఆ ఇంట్లో ఎలా ఉందో ఏటో, నువ్విక్కడ చీటీలు రాసుకుంటూ కూర్చున్నావా?"

నాకు ఏడుపొచ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు ఆ చెల్లెలి నంబరు తియ్యి."

"నేను వాళ్లింటికి వెళ్తాను మేడమ్. వెళ్లి తీసుకొచ్చేస్తాను."

"ఏటి తెచ్చేస్తావు? ఆవిడేమన్నా సంచీయా? నిన్ను వాడు గుర్తుపడతాడు, దాంతో ఆవిడకి ఇంకో గొడవ. ఆవిడకి ఏం కావాలో ముందు ఆవిడ్నే అడగాలి. ఉంటానంటే ఉంటాది. మనకి తోచింది మనం చేసేస్తే వాళ్లకీ మనకీ తేడా ఏటి?"

గ్రామ సచివాలయంలో ఉండే మహిళా పోలీసు మా మేడమ్‌కి తెలిసిన అమ్మాయే. గురువారం ఇద్దరూ కలిసి బీపీ మిషను పట్టుకుని ఆ పల్లెకి వెళ్లారు. నేను వెళ్లలేదు. ఆ పూట జరిగింది మేడమ్ చెబితే విన్నదే.

నేరుగా ఆ ఇంటికి వెళ్లకుండా వీధి మొదటినుంచి ఒక్కో ఇంటి దగ్గరా ఆగి అందరికీ బీపీ చూసుకుంటూ వచ్చారట. ఆ ఇంట్లో పిన్ని వెనక వసారాలో ఉంది. ఫోను లేదు. ఆసుపత్రికి వెళ్లడం మానిపించారు. మేడమ్ "నేను చూసేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు" అని తలుపు దగ్గరకు వేసింది. కాలికి కట్టు ఇంకా అలాగే ఉందట, మాసిపోయి.

"ఏం చెయ్యమంటావమ్మా? ఇక్కడే ఉంటావా? మేమొచ్చి అప్పుడప్పుడు చూసి వెళ్లమంటావా? బయటకి రావాలనుందా? నీ ఇష్టం," అని అడిగిందట మేడమ్.

"ఇప్పుడే రావొచ్చా?" అందట పిన్ని.

మరిది కొడుకు అడ్డమొచ్చాడు. "ఆవిడకి మతి బాగోలేదండి. డాక్టరు రాసిచ్చిన కాయితాలున్నాయి."

"ఉంటే చూపించు," అంది మహిళా పోలీసు. కాయితాలేవీ రాలేదు. పిన్ని రెండు చీరలు సంచిలో పెట్టుకుని నడిచింది. పశువుల పాక దగ్గర ఆగి ఆవు వీపు మీద చెయ్యి వేసిందట. ఇవాళో రేపో ఈనేలా ఉందట ఆవు. ఇది మేడమ్ నేను అడక్కుండానే చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే పిన్నిని మా గదికి తీసుకొచ్చారు. మేడమ్ నన్ను రమ్మంది. "వచ్చి నువ్వే చెప్పు. నేను చెప్పను," అంది.

పిన్ని స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి మెట్లు దిగి పారిపోదామనుకున్నాను.

"పాపా, ఇలా రా. నిన్నొక మాటడగాల," అంది. "మనిసి నిద్దర్లో మాటాడితే నిజాలు సెప్పేత్తాదా?"

"ఏమైంది పిన్నీ?"

"ఆ ముగ్గు ఆడికెలా తెల్సిందో ఎంత ఆలోసించినా తెల్డం నేదు. నాను ఎవులికీ సెప్పనేదు. గోడ మీద గియ్యనేదు. కొంగు కప్పుకునే తెరిసేదాన్ని. ఆడేటన్నాడంటే, నువ్వే సెప్పేవు పెద్దమ్మా, సెప్పి మర్సిపోయేవు, అందుకే నీకు మతి నేదంతన్నాం అన్నాడు. మొదట ఒప్పుకోనేదు. రోజూ అదే మాట. పొద్దున్న అదే, మాపటికి అదే. పోనుపోను... నానే సెప్పేసేనేమో అనిపించింది. ఆళ్లు అన్నాళ్లూ అన్నది నిజవేనేమో అనిపించింది పాపా."

కప్పు కింద పెట్టి తన తల మీద చెయ్యి పెట్టుకుంది, లోపల ఏముందో తడిమి చూసుకుంటున్నట్టు.

అతను కావాలంటే నా సంగతి చెప్పేయొచ్చు. ఆ సెంటర్ పిల్లే చూపించింది అని నవ్వొచ్చు. చెప్పలేదు. నేను ఊరికే ఇచ్చింది అతని చేతిలో ఎందుకు పనికొచ్చిందో అప్పుడు అర్థమైంది.

"నేనే చూపించాను పిన్నీ," అన్నాను. మొదటి మాట వచ్చాక మిగతావి ఆగలేదు. వాన రోజు, చీటీ, నన్ను మేడం అనడం, రిజిస్టరు తిప్పడం, చదువుతున్న పుస్తకం, ఇంకా మిగిలిన ఇరవై పేజీలు. చెల్లెలు ఫోన్ చేస్తే తెలియదన్న అబద్ధం. నా జీవితంలో ఒక మనిషి ముందు అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఆమె వింటూ నా ముఖమే చూసింది.

"నువ్వా?"

"నేనే."

"అయితే నాను సెప్పనేదు."

"మీరు చెప్పలేదు."

"నిద్దర్లో కూడా సెప్పనేదు."

"లేదు పిన్నీ."

పెద్ద ఊపిరి వదిలి మేడమ్ వైపు తిరిగింది. "సూసేరా మేడమ్మా? నా బుర్ర బాగానే ఉంది." కళ్లు తుడుచుకుంది. "బాగానే ఉంది నా బుర్ర."

చాలాసేపు నా వైపు చూడలేదు. తర్వాత అంది, "నిన్ను తిట్టాల. తిడతాను. ఇయ్యేల ఓపిక నేదు."

రిజిస్టరు తెమ్మంది. ఆమె పేజీ చింపి చేతికిచ్చాను. మడతపెట్టి జాకెట్లో దోపుకుంది. చింపిన చోట పక్క పేజీ కూడా కొంచెం వదులైంది.

చెల్లెలి దగ్గరికి వెళ్లాలన్నది ఆమె కోరిక. ఆ కోరిక తీరలేదు. ఆ ఊరు, ఇల్లు, వీధి మలుపు దగ్గరి బడ్డీ దాకా అన్నీ ఆ మెసేజుల్లో ఉన్నాయి. పిన్ని బయటకొచ్చిన మర్నాడే మరిది కొడుకు ఇద్దరిని వేసుకుని అక్కడికి వెళ్లి వీధిలో అరిచి వచ్చాడట. చెల్లెలి అత్తవారు భయపడ్డారు. మహిళా పోలీసు వెళ్లి గట్టిగా చెప్పాక అతను నెమ్మదించాడు గాని, పిన్నే "దాని కాపరంలో నాను గొడవెట్టను" అంది. ఎక్కడో ఒక హాస్టల్లో వంటకి కుదిరిందని మాత్రం తెలుసు. ఏ ఊరో మేడమ్ నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

తర్వాత వారమంతా రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. వచ్చిన ప్రతి మనిషికీ ఒక్కొక్కరికే, జరిగింది పిన్ని ఊసు లేకుండా చెప్పాను. మీ ముగ్గు ఇందులో ఇన్నాళ్లూ ఉంది, మీరు లేనప్పుడు ఎవరైనా చూసి ఉండొచ్చు, కొత్తది వేసుకోండి, నాకు చూపించకండి అన్నాను. కొందరు "మా ఫోన్ల ఏటుంది, పాటలు తప్ప" అని నవ్వేశారు. మొదట "ఇది ముగ్గే కాదేటి" అన్నావిడ మాత్రం నవ్వలేదు. తన పేజీలో ముగ్గు తన చేత్తోనే చెరిపి, రబ్బరు నా ముందు పెట్టి, "నిన్ను నమ్మి గీసేను," అంది. ఆవిడ మళ్లీ రాలేదు. పెన్సిల్ చెరిపినా కాగితం మీద గాడి ఉంటుంది. అందుకని చివరికి ఆ రిజిస్టరునే చింపి నానబెట్టి పారేశాం. ఇప్పుడున్న రిజిస్టరులో పేరు, ఏం నేర్చుకున్నారు, అంతే. అది కూడా బీరువాలో, తాళం మేడమ్ దగ్గర. ఇంటి మనుషులు ఎవరొచ్చి ఏమడిగినా, ఎంత మర్యాదగా అడిగినా, "ఆవిడ్ని తీసుకురండి, ఆవిడ్నే అడుగుదాం" అనాలి. మేడమ్ ఆ మాట నా చేత పదిసార్లు పైకి అనిపించింది. మొదటి ఐదుసార్లు సగంలో ఆగిపోయాను.

డైరీలో పిన్ని పేరు, ఊరు ఉన్న చోటల్లా నల్ల ఇంకుతో కొట్టేశాను. ఆమె నాతో చెప్పుకున్నవన్నీ అందులో ఆమెను అడక్కుండానే రాసుకున్నాను, ఎవరూ చదవరు కదా అని. రిజిస్టరు గురించి కూడా అలాగే అనుకున్నాను. ఇప్పుడు నేను రాస్తున్న దీంట్లో ఎవరి పేర్లూ లేకపోవడానికి కారణం అదే.

మొన్న శుక్రవారం మేడమ్ ఫోన్ మోగింది. మాట్లాడి, నవ్వి, ఫోన్ నా చేతిలో పెట్టింది. "నీకే."

"పాపా? తిడతానన్నాను గదా. ఇప్పుడు ఓపికొచ్చింది," అంది పిన్ని.

తిట్టింది. "సదువుకున్నదానివి, నోరేటయింది నీకు? నేదు, సూపించను అంటే ఆడేమన్నా కొరికేత్తాడేటి? నీ పుస్తకంలో ఇరవై పేజీలకి నాను అడ్డమొచ్చేనేటి? నాను సూడు, మా ఇంట్లో నోరెత్తితే మతి నేదన్నారు, నోరు మూసుకున్నాను. నీకు ఎవులు మూసేరు నోరు?" వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు, ఎవరో ఆడపిల్లలు నవ్వుకోవడం వినిపించింది. నేను వింటూ నిలబడ్డాను. మధ్యలో "తప్పే పిన్నీ" అన్నాను. "తప్పే," అంది ఆమె, తిట్టడం ఆపకుండా.

అలిసిపోయి ఆగింది.

"ఆవు ఈనేసి ఉంటాది ఈపాటికి," అంది. "పెయ్యో, కోడెదూడో."

"కనుక్కోనా పిన్నీ? ఎవరి చేతనైనా..."

"వద్దు. నువ్వేటీ కనుక్కోకు. నువ్వు కనుక్కుంటే మళ్లీ ఎవులికో ఏటో తెలిసిపోతాది." నవ్వింది. వెక్కిరింపో, నిజంగా నవ్వో నాకు తెలియలేదు. "ఇక్కడ కొత్త ఫోన్ కొన్నాను. నానే పెట్టుకున్నాను ముగ్గు. పాతది కాదు. ఎలాంటిదో అడగవేటి?"

"అడగను."

"అడిగినా సెప్పను."

ఫోన్ పెట్టేసింది. తెర మీద ఆమె నంబరు, కింద ఊరి పేరు ఏదో కనబడబోతున్నాయి. ఫోను బోర్లించి, అలాగే మేడమ్ చేతికిచ్చేశాను.